రాజ్యం పిన్ని చేతి ముద్ద

మూడో తూము క్యాంపు, బాన్సువాడ
18 మే 1997

సిరీ,

నెల రోజులుగా ఉత్తరం ముక్క లేదని మీ అమ్మ దగ్గర మూతి ముడిచావట. మా అక్క ఏదీ కడుపులో దాచుకోదుగా, ఫోనులో అంటించేసింది. హైదరాబాదు ఆస్పత్రి ల్యాబులో కూర్చుని రోజంతా పురుగుల్ని చూసే నీకే తీరిక లేకపోతే నాకెక్కడిదే? అసలే వేసవి సెలవులు.

పొద్దున ఏడు కొట్టకముందే మన అరుగు నిండిపోతోంది. క్యాంపు పిల్లలే కాదు, పక్క ఊళ్లో దేవిదాస్ కూతురు సింధుజ కూడా వచ్చి ముందు వరసలో కూర్చుంటోంది. రాత్రి మిగిలిన అన్నంలో పాలు పోసి, తోడు వేసి, చేత్తో బాగా మెదిపి పెడతాను. పొద్దునకి కమ్మగా తోడుకుంటుంది. ఇంత ఉప్పు, ఒక ఊరగాయ ముక్క. ఒక్కొక్కరి నోట్లో నేనే ముద్ద పెట్టాలి, స్పూనంటే ఒప్పుకోరు వెధవలు. నువ్వూ ఆ అరుగు మీద తిన్నదానివే.

గుడివాడ నుంచి ఈ కాలవ కిందికి సేద్యానికి వచ్చి, ఈ క్యాంపు కట్టుకుని ముప్ఫై ఏళ్లయింది. నా కడుపున ఒక కాయ కాయలేదు. అయితేనేం, నా చేతి ముద్ద తిన్నవాళ్లని లెక్కేస్తే సగం బాన్సువాడ నా పిల్లలే. నాకున్న గొప్ప అదొక్కటే సిరీ.

ఈ ఏడు కూడా జ్వరాలు మొదలయ్యాయి. ఇదివరకు ఎప్పుడో ఒకరో ఇద్దరో పడేవాళ్లు, మూడేళ్లుగా వేసవి వస్తే ఇదే గోల. ఇప్పటికి ఏడుగురు పిల్లలు మంచాలెక్కారు. ఊళ్లో డాక్టరమ్మ రక్తం చూసి టైఫాయిడ్ అంది. ఇదంతా పాలు పోసే భోజ్యా నిర్వాకం. తండా నుంచి క్యాన్లలో తెస్తాడు, దారిలో ఏ గుంట నీళ్లు కలుపుతాడో! గుమ్మంలో నిలబెట్టి కడిగేశాను. ఏమన్నాడో తెలుసా? "నీళ్లు కలిపినవంటే ఒప్పుకుంటనమ్మా. రోగం కలిపినవంటే మాత్రం ఒప్పుకోను" అన్నాడు. నోరు చూడు! నీ చదువుతో వాణ్ణి పట్టించే ఉపాయం ఏదైనా ఉంటే చెప్పు.

మీ పిన్ని

హైదరాబాద్
27 మే 1997

పిన్నీ,

నేను చూసేవి పురుగులు కాదని నీకు ఎన్నిసార్లు చెప్పాలి? బాక్టీరియా. పురుగైతే కంటికి కనిపిస్తుంది, చెప్పు తీసుకుని కొట్టొచ్చు.

టైఫాయిడ్ బాక్టీరియా ఒకరి మలంలోంచి బయటపడి నీళ్ల ద్వారానో, తిండి ద్వారానో, చేతుల ద్వారానో ఇంకొకరి నోట్లోకి వెళ్తుంది. గాలికి రాదు, దిష్టికి అసలు రాదు. బాగా మరిగిస్తే చచ్చిపోతుంది. అందుకే భోజ్యా మీద నాకు అనుమానం నిలవడం లేదు. మన ఇళ్లలో పొంగేదాకా కాచకుండా పాలు ఎవరు తాగుతారు చెప్పు?

నీకు నిజంగా దొంగని పట్టుకోవాలని ఉంటే ఒక పని చెయ్యి. జ్వరం వచ్చిన ప్రతి ఇంటికీ వెళ్లు. జ్వరం ఏ రోజు మొదలైంది, అంతకు ముందు రెండు మూడు వారాల్లో ఏ నీళ్లు తాగారు, ఎవరి పాలు, బయట ఏం తిన్నారు, అన్నీ రాసి పంపు. మేం ల్యాబులో చేసేదానికన్నా ఇదే పెద్ద పని. అది తేలేదాకా అతని పొట్ట కొట్టకు.

అల్లరి సిరి

మూడో తూము క్యాంపు, బాన్సువాడ
15 జూన్ 1997

సిరీ,

మీ పిన్ని పోలీసుల్లో పుట్టాల్సింది. నాలుగు రోజులు ఇల్లిల్లూ తిరిగాను. మీ బాబాయి హరనాథబాబుగారు "ఎన్నికల్లో నిలబడుతున్నావా ఏం?" అని వెక్కిరించారు. వెక్కిరించనీ. మొత్తం పదకొండు మంది తేలారు. జాబితా వేరే కాగితం మీద రాసి ఇందులో మడిచి పెట్టాను.

నీళ్లు చూస్తే, కొందరివి బోరు నీళ్లు, కొందరివి బావి, ఇద్దరివి పంచాయతీ కుళాయి. పాలు చూస్తే, పదకొండు మందిలో ఏడుగురివి భోజ్యా పాలే! మిగతా నలుగురికీ సొంత గేదెలున్నాయి గానీ, ఎక్కడో ఒకచోట వాడి పాలు తాగే ఉంటారు, పిల్లలు చెప్తారా? బయటి తిండి అంటే సంతలో మిరపకాయ బజ్జీలు తిన్నవాళ్లు ఇద్దరు, ఐస్‌ఫ్రూట్ చీకింది ఒకతె. మన అరుగు మీద తిన్నది మాత్రం రాయలేదు. అది ఇంటి తిండే కదా, పైగా అందరూ తింటారు.

దేవిదాస్ కూడా నా మాటే అన్నాడు. "మంచిగ జెప్పినవక్కా. రెండు నెలలు పాలు బందు వెడితే గానికి తెల్వి వస్తది" అన్నాడు. నువ్వు ఆగమన్నావు గానీ నిప్పు లేకుండా పొగ వస్తుందా? ఒకటో తారీకు నుంచి క్యాంపులో ఒక్క గడపలో కూడా వాడు పాలు పొయ్యడం లేదు. బాన్సువాడ నుంచి ప్యాకెట్లు తెప్పించుకుంటున్నాం.

నా ఒళ్లు ఎలా ఉందని మీ అమ్మ అడిగిందట. గుండ్రాయిలా ఉన్నానని చెప్పు. కుడి డొక్కలో ఆ పాత నొప్పే, భోంచేశాక వచ్చి పోతూ ఉంటుంది. ఎనభై నాలుగులో సన్నిపాతం వచ్చి నలభై రోజులు పడుకుని లేచాను చూడు, అప్పటి నుంచీ ఉన్నదే. వాము నమిలితే సర్దుకుంటుంది.

మీ పిన్ని

హైదరాబాద్
24 జూన్ 1997

పిన్నీ,

ఇది ఒక్కదానివే కూర్చుని చదువు. మూడుసార్లు రాసి చించేశాను. నాలుగోసారి చించితే ఇంక రాయలేను.

నీ జాబితా చాలా బాగుంది. మా డిపార్టుమెంటులో ఎవరూ ఇంత ఓపిగ్గా రాయరు. కానీ అది భోజ్యాని పట్టివ్వడం లేదు. నలుగురు అతని పాలు ముట్టనే లేదు. నీళ్లు మూడు రకాలు. ఆ పదకొండు మందినీ కలిపేది ఒక్కటే ఉంది. అది ఇంటి తిండని నువ్వు రాయకుండా వదిలేసిందే.

టైఫాయిడ్ తగ్గినా కొందరి ఒంట్లోంచి ఆ బాక్టీరియా పోదు. సన్నిపాతం అంటే అదే జ్వరం పిన్నీ. లోపల పిత్తసంచిలో కాపురం పెట్టేస్తుంది, ముఖ్యంగా అక్కడ రాళ్లుంటే. ఆ మనిషికి జ్వరం ఉండదు, నీరసం ఉండదు, గుండ్రాయిలా ఉంటుంది. కానీ దొడ్డికి వెళ్లొచ్చాక చేతికి అంటుకున్న కంటికి కనపడనిది, చల్లటి అన్నంలో కలిస్తే, ఆ అన్నం తెల్లార్లూ అలాగే ఉంటే, తిన్నవాళ్లకి ప్రమాదం.

జాబితాలో పన్నెండో పేరు నేను చేరుస్తున్నాను. సిరీష, ఎనభై ఐదు వేసవి, ఏడో తరగతి సెలవులు, మీ అరుగు. ఇంటికి వెళ్లిన పది రోజులకి జ్వరం. జుట్టంతా ఊడిపోయింది. కబురందగానే బస్సెక్కి వచ్చి నెల్లాళ్లు నాకు పథ్యం వండిపెట్టింది నువ్వే. నిన్ను తప్పు పట్టడానికి నాకు నోరెలా వస్తుంది?

నేను పొరబడ్డానేమో. పొరబడితే బాగుండునని మొక్కుకుంటున్నాను. పరీక్ష చేస్తే తేలిపోతుంది. అమ్మకి కూడా చెప్పలేదు.

సిరి

మూడో తూము క్యాంపు, బాన్సువాడ
2 జూలై 1997

సిరీషకు,

చదవేస్తే ఉన్న మతి పోయిందంటే ఏమిటో అనుకునేదాన్ని. ఇప్పుడు అర్థమైంది.

రోజూ రెండుపూటలా స్నానం చేసేదాన్ని. గిన్నె మూడుసార్లు కడిగితే గానీ పొయ్యి ఎక్కించను. ముప్ఫై ఏళ్లు పెట్టిన చెయ్యిని పట్టుకుని దొడ్డికీ అన్నానికీ ముడిపెట్టావు. పిల్లలు లేనిదాన్ననే కదా ఇంత మాట అనగలిగావు?

వచ్చే ఆదివారం కూడా పిల్లల్ని పిలుస్తాను. పెడతాను. నీ చేతనైంది చేసుకో. నాకు ఇంక ఉత్తరాలు రాయకు.

రాజ్యం

హైదరాబాద్
12 జూలై 1997

పిన్నీ,

రాయొద్దన్నావు, రాస్తున్నాను. తిట్టు, పడతాను. ఒక్కటి మాత్రం విను. ఎవరికైనా పెట్టాలనిపిస్తే పొయ్యి మీంచి దింపిన వేడి అన్నం గరిటెతో పెట్టు. తోడన్నం వద్దు. చేత్తో కలపొద్దు. దొడ్డికి వెళ్లొస్తే సబ్బుతో, గోళ్ల సందుల దాకా కడుక్కో, మట్టితోనో వట్టి నీళ్లతోనో కాదు.

నీకు పిల్లలు లేరని నేను ఒక్కనాడూ అనుకోలేదు. నేను లేనా?

సిరి

మూడో తూము క్యాంపు, బాన్సువాడ
17 ఆగస్టు 1997

సిరీ,

ఆ ఆదివారం పిలిచాను. నీ మీద కసితో రోజూకన్నా రెండు గిద్దలు ఎక్కువే తోడుపెట్టాను. తొమ్మిది మంది వచ్చారు. సింధుజ ఐదు ముద్దలు తింది. "అత్తమ్మా, ఇంకొక్కటి" అంటే పెట్టాను.

పదిహేను రోజులకి ఆ పిల్లకి జ్వరం. మూడో వారంలో పేగులో పుండు పడి రక్తం పోయింది. నిజామాబాదు తీసుకెళ్లారు. నేనూ వెళ్లాను. మంచం మీద ఆ పిల్ల గుప్పెడంత అయిపోయి పడుకుంది. దేవిదాస్ నా చెయ్యి పట్టుకుని ఏడ్చాడు. "అక్కా, భోజ్యా పాలు బందు జేసి రెండు నెలలైతుంది. మా ఇంట్ల ఎన్నడు గా పాలు లేకుండె. మల్ల గీ జ్వరం యాడికెల్లొచ్చింది?" అన్నాడు.

అతను పట్టుకున్న చెయ్యి విడిపించుకున్నాను సిరీ. బయటికొచ్చి కుళాయి కింద సబ్బు అరిగిపోయేదాకా కడుక్కున్నాను. ఏడవడానికి కూడా సిగ్గేసింది.

పిల్ల గట్టెక్కింది. మొన్న ఇంటికి తెచ్చారు. బతికింది కాబట్టి నీకీ ఉత్తరం రాయగలుగుతున్నాను.

డాక్టరమ్మ దగ్గర దొడ్డి పరీక్షకి సీసా తీసుకున్నాను. రేపు మీ బాబాయి ఐసు ముక్కల మధ్య పెట్టి నీ దగ్గరికి తెస్తారు. ఆయనకి అంతా చెప్పాను. "మంచి సంచీ ఒకటి చూడు" అన్నారు. అంతే.

నన్ను క్షమించానని రాయకు. ముందు పరీక్ష చెయ్యి.

పిన్ని

హైదరాబాద్
29 ఆగస్టు 1997

పిన్నీ,

ఉంది. రెండుసార్లు చూశాను, మా ల్యాబు మేడంకి కూడా చూపించాను.

బాబాయి సీసా తెచ్చిన తీరు చెప్తే నువ్వు నవ్వుతావు, కాస్త నవ్వు. బస్సులో పక్కాయన "ఏంది సార్, ఆవకాయనా?" అని అడిగాడట. బాబాయి తలూపారట. ఆయన హైదరాబాదు దాకా "జర రుచి చూపియ్యున్రి" అంటూనే ఉన్నాడట.

ఇప్పుడు విను. నువ్వు తెలిసి చెయ్యలేదు. నీ పిత్తసంచిలో కిరాయి కట్టకుండా కూర్చున్నవాడు చేసింది ఇది. వాణ్ణి ఖాళీ చేయిద్దాం. ఇరవై ఎనిమిది రోజులు మాత్రలు, ఒక్కపూట మానకూడదు. డాక్టరమ్మకి మా మేడం రాసిన చీటీ ఇందులోనే పెట్టాను. ఎవరికీ చెప్పక్కర్లేదు, ఇది నీకూ వైద్యానికీ మధ్య సంగతి.

సిరి

మూడో తూము క్యాంపు, బాన్సువాడ
14 సెప్టెంబరు 1997

సిరీ,

ఎవరికీ చెప్పక్కర్లేదన్నావు. నా కోసమైతే చెప్పక్కర్లేకపోవచ్చు, భోజ్యా కోసం చెప్పాలి కదే. మూడు నెలలుగా తండాలో పాలు పారబోసుకుంటున్నాడు.

వినాయకుడి పందిరి దగ్గర క్యాంపూ ఊరూ కలిసి ఉన్నప్పుడు మైకు అడిగాను. హారతి పాట పాడతాననుకుని ఇచ్చారు. "మూడేళ్లుగా పిల్లలకొచ్చిన జ్వరం భోజ్యా పాల వల్ల కాదు, నా చేతి వల్ల. పరీక్షలో తేలింది. మందు వేసుకుంటున్నాను. నయమయ్యేదాకా ఎవరికీ ఏమీ పెట్టను. భోజ్యా మీద నింద వేసింది నేను. అది అబద్ధం" అన్నాను.

పక్కింటి భాగ్యవతి మర్నాడే నేనిచ్చిన ఆవకాయ జాడీ గోడ మీద పెట్టి వెళ్లింది. దేవిదాస్ అయితే పందిట్లోనే లేచి నిలబడ్డాడు. "అక్కా అని పిల్సిన నోటితోటి ఏమనాల్నో తెలుస్తలేదు" అని కూతుర్ని ఎత్తుకుని వెళ్లిపోయాడు. వాళ్లని ఏమీ అనను. గుమ్మడికాయ నా భుజాన పెట్టుకునే ఊరంతా దొంగని వెతికానుగా.

తరవాత తండాకి వెళ్లాను. భోజ్యా మంచం వాల్చాడు గానీ కూర్చోలేకపోయాను. తప్పైపోయిందన్నాను. చాలాసేపు తల గోక్కున్నాడు. "నువ్వు నిజం జెప్పినవ్, నేను గూడ జెప్త. నీళ్లు మాత్రం కలిపిననమ్మా" అన్నాడు! ఏడుస్తున్నదాన్నల్లా నవ్వాను. సోమవారం నుంచి మళ్లీ పోస్తున్నాడు. చిక్కగా ఉన్నాయి.

అరుగు ఖాళీ. పొద్దున ఏడింటికి చెయ్యి ఊరికే దురదపెడుతుంది.

పిన్ని

హైదరాబాద్
20 జనవరి 1998

పిన్నీ,

నవంబరులో లేదన్నాం, పండగ చేసుకున్నాం. ఈ నెల పరీక్షలో మళ్లీ కనిపించింది. నాకు ల్యాబులోనే కళ్లనీళ్లొచ్చాయి. స్కానింగు తీయిస్తే నీ పిత్తసంచిలో కనపడ్డ ఆ రాళ్ల సందున మాత్ర చేరదట. పిత్తసంచి తీసేస్తే వాడి ఇల్లే ఉండదు. ఆపరేషను చిన్నదేం కాదు. నీకు యాభై నాలుగు, బీపీ కూడా ఉంది. గరిటెతో వేడిగా వండిపెట్టుకుంటూ, జాగ్రత్తగా ఇలాగే బతికెయ్యొచ్చు కూడా. నిర్ణయం నీది.

సిరి

మూడో తూము క్యాంపు, బాన్సువాడ
28 జనవరి 1998

సిరీ,

గరిటెతో బతికెయ్యమంటావా? మీ బాబాయి కూడా అదే అన్నారు. "పోనీలే రాజ్యం, ఇప్పుడు ఎవరికి పెట్టాలని" అన్నారు. ఎవరికి పెట్టాలని అంటే ఏం చెప్పను! కత్తంటే నాకు చచ్చే భయం, కోడిని కోస్తుంటే కళ్లు మూసుకునేదాన్ని. అయినా కోయించుకుంటాను. వాడి కొంపా గోడూ పీకించు. మంచి రోజు చూడమని మీ అమ్మకి చెప్పు, సుస్తీ పడ్డది నేనే అయినా గాభరా పడేది అదే.

పిన్ని

హైదరాబాద్
9 అక్టోబరు 1998

పిన్నీ! పిన్నీ! పిన్నీ!

ఆపరేషనయ్యాక నెలకొకటి చొప్పున ఆరు పరీక్షలు. ఆరింటిలోనూ లేదు. ఒక్కటి కూడా లేదు! మా మేడం నీ కాగితం మీద సంతకం పెడుతూ "ఈవిడెవరో నాకు చూడాలని ఉంది" అంది. సబ్బు మాత్రం జీవితాంతం. పెట్టు, ఎవరికి కావాలంటే వాళ్లకి పెట్టు!

సిరి

మూడో తూము క్యాంపు, బాన్సువాడ
12 మే 1999

సిరీ,

నువ్వు పెట్టమన్నావు, అడిగేవాళ్లు కావద్దూ? ఆ కాగితం చేతిలో పెట్టుకుని ఏడు నెలలు కూర్చున్నాను. భాగ్యవతి పలకరిస్తుంది, కాఫీ అంటే ఇప్పుడే తాగానంటుంది. దేవిదాస్ ఎదురైతే తల దించుకుని వెళ్లిపోయేవాడు. నాకూ భయమే. నిద్దట్లో కూడా చేతులు కడుక్కుంటున్నానని మీ బాబాయి అంటారు.

మొన్న భోజ్యా వచ్చాడు. కూతురు లచ్చి పెళ్లి. పిలుపు అనుకుని కుంకుమ పెట్టబోతే, "పిలిచెటందుకు గాదమ్మా. పిల్లలకు పెరుగన్నం నువ్వే కలిపి పెట్టాలె" అన్నాడు. వద్దు బాబూ, నలుగురూ ఏమంటారో అన్నాను. వాడికి కోపం వచ్చింది. "అంత మంది ముంగట తప్పు ఒప్పుకున్ననాడు లేని బయం గిప్పుడెందుకు? పాలు నాయి, చెయ్యి నీది. రెండిటిని ఊరు ఒద్దన్నది. నా బిడ్డ పెండ్లిల రెండు కలిపి పెడ్తం, సూద్దం" అన్నాడు.

వెళ్లాను. తండా అంతా, ఊరంతా, క్యాంపులోంచి కూడా చాలామంది. బకెట్టు నీళ్లు, సబ్బు ముందు పెట్టుకుని అందరూ చూస్తుండగా మోచేతుల దాకా కడుక్కున్నాను. అన్నం కలిపాను. ముద్ద చేసి పట్టుకున్నాను. పిల్లలు తల్లుల మొహాలు చూస్తున్నారు, తల్లులు నా చెయ్యి చూస్తున్నారు. ఆ ముద్ద పట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో నాకే తెలీదు. కాసేపుంటే కింద పెట్టేసి ఇంటికొచ్చేసేదాన్నే.

దేవిదాస్ జనాన్ని తోసుకుని వచ్చాడు. సింధుజని నా ముందు నిలబెట్టాడు. పిల్ల ఎంత పొడుగైందో! "నా బిడ్డకు ముందుగాల పెట్టక్కా" అన్నాడు. ఆ "అక్కా" విని ఏడాదిన్నర దాటింది. నా కళ్లకి ఏమీ కనపడలేదు, ఆ పిల్ల నోరే వెతుక్కుని వచ్చి ముద్ద అందుకుంది. నమిలింది. "అత్తమ్మా, ఉప్పు తక్కువైంది" అంది!

తండా గొల్లున నవ్వింది. భాగ్యవతి అందరికన్నా గట్టిగా నవ్వి, తనే ఉప్పు గిన్నె అందించి, పక్కనే నోరు తెరిచి కూర్చుంది, సిగ్గు లేకుండా! ఇంక ఆగారా? పిల్లలు, తల్లులు, పెళ్లికూతురు, డప్పు కొట్టేవాళ్లు కూడా. రెండు గంగాళాలు ఖాళీ అయ్యాయి. భోజ్యా ఆఖర్న వచ్చి కూర్చుంటే గిన్నె అంచులు గీకి పెట్టాను. మీ బాబాయి పక్కన నిలబడి లెక్కపెట్టారట, మూడు వందల పన్నెండు ముద్దలు.

గెలిచామే సిరీ! నీ సూక్ష్మదర్శినితో నువ్వు, నా చేత్తో నేను.

భుజం దగ్గర్నుంచి వేళ్ల దాకా పీకేస్తోంది, పెన్ను నిలవడం లేదు. అక్షరాలు వంకరపోతే తిట్టుకోకు. ఈ నొప్పికి మాత్రం మందు పంపకు, ఇంకో రెండు రోజులు ఉండనీ.

మీ పిన్ని